బంగారు కార్డు, చేపల డబ్బా

అచ్చియమ్మ చెప్పిన సంగతి ఏమిటంటే, ఆవిడ మేడ మీద అద్దెకున్న జయప్రకాష్ విమానంలో చేపల వ్యాపారం చేస్తున్నాడట.

బిలాస్‌పూర్‌ తార్‌బహార్‌ వీధి పంపు దగ్గర ఒక బిందె నిండేలోగా ఆ మాట వీధంతా తిరిగొచ్చింది.

"తెల్లటి థర్మాకోల్ డబ్బా, లోపల ఐసు, పైన తాడు. చేపలు కాక ఏటుంటాయి వొదినా? ఇక్కడి డ్యామ్ చేపలు హైదరాబాదు హోటళ్లకి, అక్కడి రొయ్యలు ఇక్కడి ఆఫీసర్లకి. అస్తమానూ విమానమే! ఇల్లుగలదాన్ని, నాకొక్క తోకముక్కైనా పెట్టినాడా?"

ఎదురింటి అసిరమ్మకి ఆ డబ్బా కనిపించేది కాదు. ఒక కన్ను చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పుడే పోయింది. రెండో కంటి మీద తెల్లపొర ముదిరిపోయి, పొయ్యి మీద పాలు పొంగడం కూడా చెవితోనే కనిపెడుతోంది. ఆ పొర మార్చాలి, దాత దొరికితే కబురు చేస్తామని హైదరాబాదు కంటి ఆసుపత్రివాళ్లు పేరు రాసుకున్నారు.

ఒక మధ్యాహ్నం, కొత్తగా కొన్న సెల్‌ఫోన్‌కి ఆ కబురు రానే వచ్చింది.

"ఈ రాత్రికి కన్ను వస్తుంది. పొద్దున్నకల్లా మీరిక్కడ ఉండాలి. లేకపోతే తర్వాతివాళ్లని పిలుస్తాం."

అసిరమ్మ మొగుడు చిన్నారావు లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. రైల్వే పాసు చేత్తో పట్టుకుని గుమ్మంలో కూలబడ్డాడు.

"పాసున్నాది. బళ్లున్నాయి. పొద్దున్నకి చేర్చే బండే లేదే."

మేడ మెట్లు దిగుతున్న జయప్రకాష్ ఆగాడు. చంకలో ఆ డబ్బా.

"నేనూ సాయంత్రం అటే పోతున్న. పెద్దమ్మను నా వెంట పంపుతరా? పైసలొద్దు. నా పాయింట్లు ఒక్క టికెట్టుకు సరిపోతయి."

"ఏటి పాయింట్లు?" అన్నాడు చిన్నారావు.

"విమానంల తిరిగినకొద్దీ పడతయి. నేను కొనేది అన్నిట్ల సస్తా, తక్కువ పైసల టికెట్టు. దానికి మామూలోళ్లకైతే పావు వంతు పాయింట్లే ఇస్తరు. తిరిగి తిరిగి నాకు బంగారు కార్డొచ్చింది. అది ఉన్నోళ్లకు గదే సస్తా టికెట్టు మీద రెట్టింపు పడతయి."

"అచ్ఛా! మా పాసులాగే. బండి ఒకటే, సర్వీసుని బట్టి పెట్టె మారిపోద్ది."

"గట్లనే."

"దాచుకున్నవన్నీ అయిపోవా బాబూ?"

"మళ్ల తిరుగుత."

చిన్నారావు పాసు మీద రాత్రి బండికి బయల్దేరేట్టు అనుకున్నారు.

చేపలు మోసినందుకు కంపెనీ ఇచ్చిన ఇనాం నా మొహాన పడేస్తున్నాడు, వాడి జేబులోది ఏం పోయింది, అనుకుంది అసిరమ్మ, బట్టలు సంచిలో కుక్కుకుంటూ.

రాయపూర్‌ విమానాశ్రయంలో బంగారు కార్డు చూపించగానే పొడుగు లైను తప్పించి వేరే దారిన పంపారు. అసిరమ్మ మెడ కాస్త నిక్కింది.

విమానంలో కిటికీ సీటు ఆమెదే. చూడ్డానికి కన్నుండాలిగా. కాలికి గట్టిగా ఏదో తగిలింది, దాని మీద తాడు ముడి.

"నీ చేపలేనా బాబూ? పీటలాగ బాగున్నాది," అని రెండు పాదాలూ దాని మీద ఆనించింది.

జయప్రకాష్ ఆమె పాదాలు మెల్లగా పక్కకి జరిపి, డబ్బా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఓలమ్మ! చేపలకి కిటికీ చూపిస్తావేటి?"

"చూడనియ్ పెద్దమ్మా."

మర్నాడు ఆపరేషన్ అయిపోయింది. కొన్ని నెలలు హైదరాబాదులో మరిదింట్లోనే ఉండి, చలికాలానికి అసిరమ్మ బిలాస్‌పూర్‌లో మహారాణిలా దిగింది.

స్టేషను వంతెన మీంచి కిందున్న ఇంజను నంబరు ఒక్కో అంకే కేకేసి చదివింది. చిన్నారావు జనం చూస్తున్నారని కూడా లేకుండా చప్పట్లు కొట్టాడు. తను గుడ్డితనంలో మొగుడి తెల్లచొక్కాకి కుట్టిన ఎర్ర గుండీ చూసి పడీపడీ నవ్వింది. వీధిలో ఒక్క మొహాన్నీ వదల్లేదు.

"ఒరే పోలయ్యా, నీ మీసం నెరిసిపోనాదిరా!"

అచ్చియమ్మ మేడ మీద మాత్రం తాళం.

"ఖాళీ చేయించీసినాను వొదినా. మేడ మీద ఉంటూ ఒక్క ముక్క పెట్టని పిసినారి మనకెందుకు?"

"మంచి పని చేసినావు. నా కాళ్లకి పీట కూడా దక్కనీలేదు."

వారం తిరక్కుండా ఆ గది అడగడానికి హరిప్రియ అని ఒక అమ్మాయి వచ్చింది. చేతిలో అదే తెల్ల డబ్బా, అదే తాడు.

"మళ్లీ చేపలేనా!" అచ్చియమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"చేపలేంటండీ? కళ్లు."

"ఏటీ?"

"చనిపోయినవాళ్లు దానమిచ్చిన కళ్లు. హైదరాబాదు ఆసుపత్రికి చేరుస్తాం. ఇదివరకు జయప్రకాష్ గారు చేసేవారు. నిజం చెబితే ఎవరూ ఇల్లివ్వరని ఆయన చెప్పేవారు కాదు. ఇక్కడ ఖాళీ చేయించాక ఇంకో ఇల్లు దొరక్క ఉద్యోగమే వదిలేసి వెళ్లిపోయారు."

హరిప్రియ చిన్నగా నవ్వింది.

"ఒకసారి విమానంలో, ఆ కన్ను ఎవరికి వెయ్యాలో ఆ పెద్దావిడే డబ్బా మీద కాళ్లు చాపిందట. చెప్పి చెప్పి నవ్వేవారు."

ఎదురింటి నుంచి వచ్చి వింటున్న అసిరమ్మ వంగి ఆ తాడు ముడి తడిమింది. పాదానికి తెలిసిన ముడే. ఎన్ని కళ్లు మోస్తే వచ్చిందో ఆ బంగారు కార్డు!

"శవాల కళ్లా! నా ఇంట్లోనా!" అచ్చియమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుంది. "ముందు గుమ్మం దిగు!"

అసిరమ్మ డబ్బా అందుకుని రెండు చేతులా గుండెకి ఆనించుకుంది. కొత్త కన్ను అచ్చియమ్మ మొహం మీద నిలిపింది.

"ఇదీ శవం కన్నే వొదినా. నన్నూ దిగమంటావేటి?"