భాగ్యం అవ్వ మోకాలు

"దురైసామీ, రేపు పడవలు తియ్యొద్దు!"

సోలై నగర్ జాలరిపేట ఇసుకలో చెప్పులు చేతబట్టుకుని, సీతాపతి అరిచినంత పనిచేశాడు.

వల సర్దుకుంటున్న దురైసామి తలెత్తి సముద్రం వైపు చూశాడు. నూనె పోసినట్టు నున్నగా ఉంది. ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు.

"ఏంది సారూ, ఎందుకు తియ్యొద్దు?"

"పైన గాలి దారి తప్పింది. విమానాలు పోయేంత ఎత్తున. ఉత్తరాదిన పోవాల్సిన చల్లగాలి వంకర తిరిగి మన నెత్తిమీదికొచ్చింది. కింద సముద్రమేమో వేడిగా ఉండాది. రేపు ఉన్నపళంగా ఈదురుగాలి లేస్తుంది."

చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు.

"అట్లయితే విమానాలకి గదా భయం, మా పడవకేంది?" అన్నాడు పాండియన్.

సీతాపతి కాలేజీలో వాతావరణశాస్త్రం చెబుతాడు. ఫోన్‌లో పటం తీసి, వంపులు తిరిగిన గాలి గీతలు చూపించాడు. దురైసామి మర్యాదకి చూశాడు.

"ముగ్గు బాగుండాది సారూ," అని వల భుజానేసుకున్నాడు.

సీతాపతి మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం భాగ్యం అంగడి మూసి, కుంటుకుంటూ ఒడ్డుకు వచ్చింది. సీతాపతికి పిల్లనిచ్చిన అత్త. ఆ పేటకంతా ఉప్పూ పప్పూ అమ్మేది ఆవిడే.

"ఒరే దురై, మోకాలు పీకతా ఉండాది. రేపు సముద్రంలోకి పోబాకండి."

ఎవరూ నవ్వలేదు.

"పట్టండ్రా!" అన్నాడు దురైసామి. చీకటి పడేలోగా పడవలన్నీ రోడ్డు అవతలికి చేరాయి.

మర్నాడు మధ్యాహ్నం దాకా ఎండ కాచింది. పోయిన వేటను తలుచుకుని పాండియన్ గొణుగుతూనే ఉన్నాడు. అంతలో ఆకాశం ఒక్కసారిగా నల్లబడింది. కొబ్బరి మట్టలు తెగి ఎగిరాయి. అలలు రాళ్లగట్టు దాటి రోడ్డుమీద పడ్డాయి. పాండియన్ తన బిడ్డల్ని దగ్గరికి లాక్కుని, సముద్రాన్నే చూస్తూ నిలబడ్డాడు.

గాలి తగ్గాక పేటంతా అంగడి ముందు చేరింది. పాండియన్ భార్య వల్లి భాగ్యం కాళ్లకు మొక్కి, మోకాలికి పసుపు రాసింది.

అత్తను ఇంటికి తీసుకుపోదామని వచ్చిన సీతాపతిని దురైసామి ఆపాడు.

"మీరూ ఏందో చెప్తిరి గానీ, మాకేం అర్థమాయ? అవ్వ మోకాలు చూడండి సారూ, యానాడూ తప్పలేదు. ఆమె దగ్గర నేర్చుకోండి."

"నిజమే," అన్నాడు సీతాపతి, తల వంచుకుని. అత్తను స్కూటర్ ఎక్కించుకున్నాడు.

ఆ మోకాలు ఏ రోజు నొప్పెట్టాలో ఇన్నేళ్లుగా అత్తకు చెప్పి పంపుతున్నది సీతాపతే.