నా కుక్కని పెంచుకుంటారా?

"నవ్వుకోండి. ఇంకెన్నాళ్ళో లేదు."

పదో తరగతి కుర్రాడొకడు తన తరగతి గది ఫొటో కింద రాసి నెట్‌లో పెట్టిన ఆ రెండు ముక్కలు తెల్లారేసరికి తల్లిదండ్రుల ఫోన్లన్నిటికీ పాకిపోయాయి.

హెడ్మిస్ట్రెస్ వాడి టీసీ మీద సంతకం పెడుతుండగా ఒకావిడ చెప్పాపెట్టకుండా గదిలోకొచ్చింది. నిద్రలేని కళ్ళు, భుజాన పాత సంచీ.

"ఆ బాబుతో ఒక్కసారి మాట్లాడనివ్వండి."

"మీరు వాడికేమవుతారు?"

"ఏమీ కాను."

"మీ పిల్లలు ఇక్కడ చదువుతున్నారా?"

"లేదండీ."

"మరి మీకెందుకమ్మా ఈ గొడవ? పనిలేనివాళ్ళందరికీ ఇవాళ మా స్కూలే దొరికింది!"

ఆవిడ తన ఫోన్ ముందుకు జరిపింది.

"అందరూ బెదిరింపే చూశారు. పోయిన వారం పెట్టింది చూడండి. 'నా కుక్కని ఎవరైనా పెంచుకుంటారా' అని అడిగాడు. ఇక తిరిగి రాననుకున్నవాడే అలా అడుగుతాడు."

"ఉత్త కూతలని ఇన్‌స్పెక్టర్ గారే అన్నారు. టీసీ ఇచ్చేస్తే పీడా పోతుంది."

"పిల్లాడు పోతాడు. కోపం పోతుందా? వాణ్ణి ఎవరు ఏడిపిస్తున్నారో అడిగారా? వాళ్ళింట్లో ఆయుధాలేమైనా ఉన్నాయేమో కనుక్కున్నారా?"

హెడ్మిస్ట్రెస్‌కి ఒళ్ళు మండింది.

"వాచ్‌మన్! ఈవిడని గేటు దాకా దిగబెట్టు."

కాసేపటికి కుర్రాడు టీసీ పుచ్చుకుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం వాడి తండ్రి నుంచి ఫోన్.

"మేడం... బీరువాలో నా పిస్తోలు లేదు. వాడూ లేడు."

హెడ్మిస్ట్రెస్ తలుపులన్నీ మూయించింది. పిల్లల్ని బల్లల కింద కూర్చోబెట్టమంది. ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేస్తూ కిటికీలోంచి చూసింది.

గేటుకెదురుగా, బస్టాపు బెంచీ మీద కుర్రాడు. ఒళ్ళో బ్యాగు. జిప్పు తీసి ఉంది. చెయ్యి లోపలుంది.

పక్కన పొద్దుటి ఆవిడ.

ఏదో అడుగుతోంది. వాడు తల అడ్డంగా ఊపుతున్నాడు. మళ్ళీ అడిగింది. పారిపోలేదు, అరవలేదు. ఇంకాస్త దగ్గరికి జరిగింది.

చాలాసేపటికి కుర్రాడి భుజాలు అదిరాయి. చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది. బ్యాగు ఆవిడ ఒళ్ళోకి తోసేసి, ఆవిడ భుజం మీద తల వాల్చి భోరుమన్నాడు.

హెడ్మిస్ట్రెస్ గేటు దాటి పరుగెత్తుకొచ్చేసరికి కుర్రాడు పోలీసు జీపులో ఉన్నాడు. బ్యాగు ఇన్‌స్పెక్టర్ చేతిలో ఉంది. బెంచీ ఖాళీ.

"ఆవిడేరి?"

"బస్సెక్కి వెళ్ళిపోయారు మేడం," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఎలా వెళ్ళనిచ్చారండీ? నేనావిడ కాళ్ళమీద పడాలి! అడ్రసైనా తీసుకున్నారా?"

"అడ్రసు మా స్టేషన్లో ఎప్పట్నుంచో ఉంది." ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గింది. "ఆమధ్య ఇంకో స్కూల్లో కాల్పులు జరిగాయి, గుర్తుందా?"

"అయ్యో! ఆ పోయిన పిల్లల్లో ఆవిడ బిడ్డ కూడా ఉన్నాడా?"

ఇన్‌స్పెక్టర్ బస్సు వెళ్ళిన వైపు చూస్తూ అన్నాడు.

"లేడు మేడం. కాల్చినవాడు ఆవిడ కొడుకు."