చూడని డాక్టరు

పెద్ద డాక్టరు చూడకపోవడం వల్లే దర్జీ భార్య పోయింది.

అందులో రెండో మాట లేదు. కొలతలకు వచ్చిన ప్రతివాళ్ళకీ దర్జీ అదే చెప్పేవాడు.

"నెలాఖరుకి రమ్మని చీటీ ఇచ్చారు. అంతదాకా అది ఆగలేకపోయింది. ఆ మహానుభావుడు ఒక్కసారి చూసుంటే బతికేది."

గుండెలో కవాటం కారుతోందని ఆమెకు ముందే తెలుసు. మందులు మింగుతూ కొట్లో కూర్చుని గుండీలు కుట్టేది. మనిషి చిక్కిపోయింది. మెడ మాత్రం లావెక్కింది.

మొగుడు దర్జీ కదా. రవికెలు నడుం దగ్గర బిగించాడు, మెడ దగ్గర వదులు చేశాడు. అక్కడితో పనైపోయిందనుకున్నాడు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం నలిగిన చొక్కాతో ఒకాయన వచ్చి, కాగితం పొట్లం బల్ల మీద పెట్టాడు.

"గుండీ ఊడింది. కుట్టి పెడతారా?"

"ఉంచండి."

ఆయన కదల్లేదు. సూదిలోకి దారం ఎక్కించలేక తంటాలు పడుతున్న దర్జీ భార్యనే చూస్తున్నాడు.

"చేతులు ఎప్పటినుంచి వణుకుతున్నాయమ్మా?"

"మొన్నమొన్నటి నుంచే అన్నయ్యా."

"ఒక్క గుక్క నీళ్ళు తాగమ్మా, మెడ చూస్తాను."

కత్తెర ఠప్పున బల్ల మీద పడింది.

"గుండీకొచ్చావా, గుటకలు లెక్కపెట్టడానికొచ్చావా? పరాయి ఆడదాని మెడ నీకెందుకయ్యా?"

"కోప్పడకండి, నేను..."

"నువ్వెవరైతే నాకేం! గడప దిగు."

ఆయన దిగి, వీధిలోంచే అన్నాడు. "ఆలస్యం చేయకండి. రేపే ఆసుపత్రికి తీసుకురండి."

"తీసుకురావాలట! వీళ్ళ తాత కట్టించినట్టు! మాకు పెద్ద డాక్టరు చీటీ ఉంది, పోవోయ్!"

దర్జీ తలుపు వేసేశాడు. పొట్లం లోపలే ఉండిపోయింది.

మర్నాడు భార్య నసిగింది. "ఏవండీ, ఆ గుండీ ఆయన..."

"వాడి ఊసు నా దగ్గర ఎత్తకు."

ఎత్తలేదు.

నెలాఖరు రాకముందే ఊపిరాడక ఆసుపత్రిలో చేరింది. పెద్ద డాక్టరు ఊళ్ళో లేడు. ఆమె పోయాక కుర్ర డాక్టరు చెప్పాడు.

"కవాటం ఒక్కటే అయితే ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చేవారు. థైరాయిడ్ మితిమీరి గుండెను పరుగులు పెట్టించింది. ముందే ఎవరైనా మెడ చూసుంటే మందులతోనే ఆగేది."

'చూసుంటే' అన్న ఒక్క మాటే దర్జీ చెవిన పడింది.

ఏడాది తిరిగాక అటక దులుపుతుంటే పొట్లం దొరికింది. దారం ముడి ఆమె వేసిందే.

విప్పాడు. తెల్లకోటు. గుండీ కుట్టేసి ఉంది. వంకరటింకరగా, వణికిన చేతి కుట్టు.

జేబు మీద ఎర్రదారంతో పేరు. పెద్ద డాక్టరు చీటీ మీదున్న పేరే.

ఆ పూట చొక్కా కుట్టించుకోవడానికి వచ్చిన ముసలాయన కదిపాడు. "ఏమోయ్, ఆ పెద్ద డాక్టరు మీ ఆవిణ్ణి అసలు చూడనే లేదటగా?"

దర్జీ టేపు ఆయన మెడ చుట్టూ తిప్పాడు.

"తల కాస్త పైకెత్తండి," అన్నాడు.

ఆ తర్వాత ఎవరడిగినా అంతే. డాక్టరు చూడలేదన్న మాట మళ్ళీ అతని నోట రాలేదు.