నూటికి తొంభై తొమ్మిది

గాబెస్ ఊరి లువాజ్ స్టాండులో అద్దె వ్యాన్లు తోలేవాళ్లు నలభై మంది. లైసెన్సు కోసం పెట్టిన సీపీఆర్ పరీక్షలో, అంటే గుండె ఆగినవాణ్ని ఛాతీ నొక్కి బతికించే పరీక్షలో, నలభై మందికీ తొంభై తొమ్మిదే మార్కులు. అలా పాసు చేయించిన ఘనుడు వాళ్లలో ఒకడైన నౌఫెల్.

పరీక్షంతా ఫోన్లోనే. యాప్ తెరిచి, ఫోను అరచేతి కింద పెట్టుకుని దిండు మీద నొక్కితే, వేగమూ లోతూ చూసి అదే మార్కులిస్తుంది. ముందు పాఠాలు కూడా చూపిస్తుంది గానీ, వాటిని చూసిన పాపాన పోయినవాడు లేడు. నౌఫెల్ అందరి ఫోన్లూ పోగేసి తన అక్క మొగుడు మొంజీకిచ్చాడు. పెళ్లిళ్లలో దర్బూకా డోలు వాయిస్తూ ముప్పై ఏళ్లుగా తాళం తప్పని చేతులవి.

ఒక రోజు రవాణా ఆఫీసు నుంచి ఖమీస్ సారు చంకలో దిండుతో దిగాడు.

"నలభై మందికీ ఒకటే మార్కా? ఏదీ, నా ముందు నొక్కండి చూద్దాం!"

మొదటివాడికి పదకొండొచ్చింది. రెండోవాడు పిండి పిసికినట్టు పిసికితే, యాప్ మార్కులివ్వడమే మానేసింది. లైసెన్సు పోతే వ్యానూ పోతుంది. పైగా కాఫీ కొట్టు ముందు మొంజీ చెమటలు కక్కుతున్నాడు. భయంతో పట్టిచ్చేసేలా ఉన్నాడే అని నౌఫెల్ లోలోపల తిట్టుకున్నాడు.

"ఏం నౌఫెల్, చేతికి గోరింటాకు పెట్టుకున్నావా? రా, నీ వంతు!" అని పిలిచాడు ఖమీస్.

అంతలోనే మొంజీ కుర్చీతో సహా వెనక్కి విరుచుకుపడ్డాడు. పిలిస్తే పలకలేదు. ఊపిరి లేదు. అంబులెన్సు రావడానికి పావుగంట పడుతుందన్నారు.

నలభై మందీ చుట్టూ మూగారు. ఒక్క చెయ్యీ ముందుకు రాలేదు.

"సర్టిఫికెట్లున్నాయిగా, నొక్కండ్రా!" అని అరిచాడు ఖమీస్.

నౌఫెల్ ఆయన కాళ్ల మీద పడ్డాడు. లైసెన్సు సంగతి ఇక వాడికి గుర్తే లేదు.

"మాకెవరికీ రాదు సారూ! అందరి ఫోన్లూ నొక్కింది ఈయనే. నన్ను జైల్లో పెట్టుకోండి, మా బావని మాత్రం బతికించండి. మీ గదిలో గోడకి సర్టిఫికెట్టు తగిలించారుగా, నూటికి నూరు! మీకొచ్చుగా!"

ఖమీస్ మోకాళ్ల మీద కూలబడ్డాడు. మొంజీ ఛాతీ మీదికి చాచిన చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"ఒరే నౌఫెల్... నా ఫోను మా గుమాస్తా తీసుకెళ్లి ఎవరిచేతో నొక్కించుకొచ్చాడు. అది కూడా ఈయనేనా?"