బిళ్ళ చుట్టూ ఖాళీ

మార్చి తొమ్మిదో తేదీ కెమిస్ట్రీ మాస్టారికి బాగా గుర్తు. ఆ ఉదయం రెండు రొట్టెముక్కలు, ఒక ఉడకబెట్టిన గుడ్డు తిన్నారు. రెండో గుడ్డు కూడా ఒలిచి, ఇదెవరికి ఒలిచానా అని కాసేపు చూసి, డబ్బాలో పెట్టుకుని కాలేజీకి బయల్దేరారు.

ల్యాబు తలుపు తీయగానే మైక్రోబయాలజీ మేడమ్ చేటంత ముఖం చేసుకుని ఎదురొచ్చింది.

"మాస్టారూ, త్వరగా రండి! చచ్చింది మీ చుట్టం!"

గాజు ప్లేటు నిండా మీగడ కట్టినట్టు బ్యాక్టీరియా. నడుమ, మాస్టారు చేసిన రాగి మందులో తడిపిన కాగితపు బిళ్ళ. దాని చుట్టూ బొటనవేలంత వెడల్పున అద్దంలాంటి ఖాళీ. మందు కలపని ఉత్త ద్రావణిలో తడిపిన రెండో బిళ్ళ చుట్టూ మాత్రం క్రిములు అంచుదాకా పాకి ఉన్నాయి. అంటే చంపింది మందే.

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు.

ఆల్డిహైడునీ అమైన్‌నీ కలిపి మరిగిస్తే పసుప్పచ్చని స్ఫటికాలు వస్తాయి. షిఫ్ బేస్ అంటారు. అది పీత డెక్కల్లా లోహాన్ని పట్టుకుంటుంది. మాస్టారు దానికి కోబాల్ట్ ఇచ్చి చూశారు. నికెల్ ఇచ్చారు. మాంగనీస్ ఇచ్చారు. మిగతా క్రిములన్నీ ఏదో ఒకదానికి చచ్చాయి. ఆసుపత్రి నుంచి వచ్చిన ఈ ఒక్కటే దేనికీ లొంగలేదు. ఏళ్ళు గడిచాక, ఇదిగో, రాగికి లొంగింది.

మామూలుగా కెమిస్ట్రీ వాళ్ళు మందు చేసిచ్చి చేతులు దులుపుకుంటారు. క్రిములంటే ఆమడ దూరం. ఈయన మాత్రం మేడమ్ దగ్గర పని నేర్చుకుని మరీ దీన్ని తానే సాకారు. గొట్టంలో తిండి అయిపోకముందే కొత్త గొట్టంలోకి మార్చేవారు. సెలవుల్లోనూ వచ్చేవారు.

"చంపడానికి పెంచుతూ ఇంత గారాబమేంటి మాస్టారూ?" అని మేడమ్ ఏడిపించేది.

"నీరసంగా ఉన్నదాన్ని ఓడిస్తే ఏం గొప్పమ్మా!" అని ఆయన తప్పించుకునేవారు.

ఇప్పుడు మేడమ్ చేతులకు తొడుగులు వేసుకుంటోంది.

"ఇవాళ్టితో దీని పీడ వదిలింది. గొట్టాలన్నీ ఆవిరిలో ఉడికించి పారేస్తా. పనయ్యాక ఇలాంటిదాన్ని ఉంచొద్దని ప్రిన్సిపాల్ గారు ముందే చెప్పారుగా."

మాస్టారు గొట్టాలకు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఒక్క గొట్టం ఉంచమ్మా."

"దేనికండీ? పెట్టిన ప్లేట్లన్నిట్లోనూ ఒకటే ఫలితం వచ్చింది."

"ఇంకోసారి చూద్దాం."

"పెళ్ళయిపోయాక పెళ్ళిచూపులా?"

ఆయన చెయ్యి తీయలేదు.

"ఒక్కటేనమ్మా. ఇన్నేళ్ళలో నిన్ను ఎప్పుడైనా ఏమైనా అడిగానా?"

మేడమ్ ఆయన వంక చూసింది. ఒక గొట్టం తీసి పక్కన పెట్టింది.

"సరే. ఒక్కటంటే ఒక్కటే. తాళం వేసి ఉంచాలి. ప్రిన్సిపాల్ గారితో నేను మాట్లాడతాలెండి. తిడితే ఇద్దరం కలిసే తిట్లు తిందాం."

సాయంత్రానికి ఆవిరిలో ఉడికించే ఆటోక్లేవు బుసకొట్టి ఆగింది. గొట్టాలన్నీ పోయాయి. మేడమ్ సంచీ తగిలించుకుని ఇంటికి బయల్దేరింది. మాస్టారు చీకట్లో తడుముకోకూడదని వరండా లైటు వేసి మరీ వెళ్ళింది.

మాస్టారు తీగను మంటలో ఎర్రగా కాల్చి, చల్లార్చారు. మిగిలిన గొట్టంలోంచి రవ్వంత తీసి కొత్త గొట్టంలోని తిండి మీద గీశారు. దూది బిరడా పెట్టి, క్రిములను పెంచే పెట్టె, ఇంక్యుబేటరు తెరిచారు. లోపల ముప్పై ఏడు డిగ్రీలు. మనిషి ఒంటి వేడి.

ఆసుపత్రిలో తన భార్యను పొట్టనపెట్టుకున్న క్రిమిని, ఆమె నెత్తుట్లోంచి వచ్చి ఇంకా ప్రాణంతో ఉన్న ఆ ఒక్కదాన్ని, లోపల నిలబెట్టి, మాస్టారు ఆ రాత్రికి చప్పుడు కాకుండా తలుపు మూశారు.