సూరాలమ్మ ‘ఊఁ’ అంటేనే

జ్యేష్ఠ పౌర్ణమినాడు ముసలి ఆడగిజిగాడు సూరాలమ్మకి అన్యాయం జరిగింది. బావిమీది తుమ్మకొమ్మకి ఏ గూడు వేలాడినా, సగం అల్లగానే ఆమె ముక్కుతో లాగి చూసేది. ముడి గట్టిదైతే “ఊఁ, కానీయ్” అనేది. వదులైతే “ఆగు” అనేది.

కుర్ర మగపిట్టలకి ఆ ‘ఆగు’ గిట్టలేదు. “నీ ముక్కు అరిగిపోయిందవ్వా, మా ప్రాణం తియ్యకు!” అని పొడిచి తరిమేశాయి.

ఇంకేముంది! గూటికింద గూడు, దానికింద ఇంకో గూడు. కాపురానికి వచ్చే ఆడపిట్ట లేదు గానీ అల్లకం మాత్రం ఆగలేదు. వానకి తడిసిన బరువుకి కొమ్మ ఫటేల్మని సగం చీలి వంగింది. ఆ కొమ్మకే వేలాడే పాత గూట్లో పొదుగుతున్న లచ్చి, “అవ్వా, నా గుడ్లు!” అని కెవ్వుమంది.

సూరాలమ్మ రివ్వున వచ్చి వాలింది. “వీరులారా, అల్లింది చాలు. ఇప్పుడు విప్పండి!” అంది. కుర్రపిట్టలు తమ గూళ్లని పోచ పోచా విప్పాయి. కొమ్మ నిలిచింది.

మన ఒంట్లో కణం రెండయ్యే ముందు కూడా కైనేజులనే ఎంజైముల్లో ‘ఊఁ’ అనేవి, ‘ఆగు’ అనేవి ఉంటాయట. వాటి అదుపు తప్పితే కంతులు లేస్తాయి. దండం పెట్టాల్సింది అలాంటి అవ్వలకి.

లచ్చి పిల్లలు ఆషాఢ శుద్ధ ఏకాదశినాడు కళ్లు తెరిచాయి.