తాగమనని కాఫీ

నవ్వాఫ్ కాఫీ కప్పు అందుకున్నాడు. పెదవుల దాకా తీసుకెళ్ళకుండానే తన ముందు తివాచీ మీద పెట్టేసి, చేతులు ఒళ్ళో ముడుచుకున్నాడు.

షేక్ తురాద్ ఆ కప్పు వంక చూసి గడ్డం సవరించుకున్నాడు. "ఓహో, పనిమీదే వచ్చావన్నమాట," అన్నాడు.

ఆ ఎడారి ఇళ్ళలో కాఫీ కింద పెట్టడమంటే నోరు తెరిచి అడగడమే. ఇంటాయన "తాగు, నీ పని అయింది" అనాలి. అనేదాకా వచ్చినవాడు కప్పు ముట్టకూడదు, లేచి పోకూడదు. తాగకుండా లేచాడా, ఆ రెండిళ్ళ మధ్య మూడు తరాల పాటు పెళ్ళి పిలుపూ చావు పలకరింపూ రెండూ ఉండవు.

నవ్వాఫ్ అడగాల్సిందంతా ఒక్క ఊపిరిలో అడిగేశాడు. భూమి వేడెక్కిపోకుండా దేశాలన్నీ కలిసి రాసుకున్న ఒప్పందం మీద మంత్రిగారు ఎక్కడో చలిదేశంలో సంతకం పెట్టి రెండేళ్ళయింది. తమ దేశపు చట్టసభ ఔనంటేనే అది చెల్లుతుంది, లేకపోతే ఉత్త కాయితం. ఇవాళ మధ్యాహ్నం పన్నెండింటికి రాజధాని అమ్మాన్‌లో ఓటింగు. సమావేశాలకి ఇదే ఆఖరి రోజు. నెగ్గితే ఆ ఒప్పందం కింద వచ్చే సొమ్ముతో ఎడారి ఊళ్ళలో వాననీటి చెరువులు తవ్వే పని కదులుతుంది. నవ్వాఫ్ ఊళ్ళో బావులన్నీ ఎండిపోయాయి. ఈ వేసవి కూడా ఇలాగే గడిస్తే జనం మూటాముల్లె సర్దుకోవాల్సిందే. సభలో నవ్వాఫ్‌తో కలిపి అనుకూలం అరవై మంది, వ్యతిరేకం అరవై మంది. సమానమైతే వీగిపోతుంది. ఎటూ తేల్చనివాడు షేక్ తురాద్ ఒక్కడే.

"మీ ఒక్క చెయ్యి లేస్తే చాలు, పెదనాన్నా."

షేక్ తాగమనలేదు. వద్దనీ అనలేదు. తన బావి సంగతి ఎత్తుకున్నాడు. తాత రోజుల్లో తాడు ఇరవై బారలుంటే సరిపోయేదట. ఇప్పుడు చేద దింపి పైకి లాగేసరికి తోడేవాడి గడ్డం నెరిసిపోతోందట. మొన్న నాలుగు చినుకులు పడితే, పుట్టాక వాన మొహం ఎరగని గొర్రెలు ఎవరో రాళ్ళు రువ్వుతున్నారనుకుని పరిగెత్తాయట, వాటిని సరిహద్దు దగ్గర పట్టుకొచ్చేసరికి మూడు రోజులు పట్టిందట.

మరో రోజైతే నవ్వాఫ్ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాడే. ఇవాళ మోకాలు దానంతటదే ఆడుతోంది. గోడ గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. అమ్మాన్‌కి గంటన్నర దారి. కొండ చాటు ఇల్లు, ఫోను పలకదు.

"ఒక్క నిమిషం, లోపల అతిథులున్నారు," అంటూ షేక్ లేచి తెర అవతలి గదిలోకి వెళ్ళాడు. ఆ నిమిషం పావుగంట సాగింది. వచ్చి కూర్చుని, ఒక్క గుక్కలో నలభై కుండల నీళ్ళు తాగిన ఒంటె కథ మొదలుపెట్టాడు. ఒంటె పదిహేడో కుండ దగ్గరుండగా మళ్ళీ లేచి లోపలికి పోయాడు.

కాఫీ పోసే సత్తామ్ కూజా పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. లోపల ఎవరని నవ్వాఫ్ గొంతు తగ్గించి అడిగాడు.

"ఈ ఇంట్లో అతిథులు లేని రోజుందా అయ్యా? వాళ్ళు తెల్లారేసరికే దిగారు. వాళ్ళకీ మీలాగే తొందర," అని సత్తామ్ నవ్వుకుంటూ పోయాడు.

పెరటి వైపు నీడలో కార్లు ఆగి ఉండటం వచ్చేటప్పుడే నవ్వాఫ్ చూశాడు. ఎవరో పిల్లనడగడానికి వచ్చుంటారనుకున్నాడు. కానివ్వండి, పెళ్ళి రేపైనా మాట్లాడుకోవచ్చు, ఓటింగు రేపు ఉండదు కదా అని పళ్ళు నూరుకున్నాడు.

పదింబావు. పదిన్నర. ఒంటె ఇరవై తొమ్మిదో కుండ దగ్గరికొచ్చింది.

"పెదనాన్నా, ఇప్పుడు బయల్దేరకపోతే మీదే కాదు, నా ఓటు కూడా పోతుంది."

"వెళ్ళు, అబ్బాయ్. నిన్ను పట్టుకున్నదెవరు?" అని షేక్ తివాచీ మీది కప్పు వంక చూశాడు.

నవ్వాఫ్ కూడా దాని వంకే చూశాడు. లేవబోయాడు. తండ్రి గుర్తొచ్చాడు, ఈ ఇంటికి చుట్టాలైన చెల్లెలి అత్తవారు గుర్తొచ్చారు. మళ్ళీ కూలబడ్డాడు. ఆ తర్వాత ఒంటె ఎన్ని కుండలు తాగిందో అతను వినలేదు. గడియారం ముళ్ళు రెండూ పన్నెండు మీద కలిసినప్పుడు కళ్ళు మూసుకున్నాడు.

పన్నెండూ ఇరవైకి షేక్ లోపలినుంచి చిన్న రేడియో చెవికి ఆనించుకుని వచ్చాడు. తీరిగ్గా కూర్చుని, మూడు గంటలుగా చెప్పని ఆ మాట చెప్పాడు.

"తాగు, నీ పని అయింది."

నవ్వాఫ్‌కి ఒళ్ళు మండిపోయింది. "ఏం పని, పెదనాన్నా? ఓటింగే అయిపోయింది. మీ చెయ్యి లేవలేదు, నా చెయ్యి కూడా లేవకుండా చేశారు. మా ఊరికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

షేక్ రేడియో గొంతు పెంచాడు. వాతావరణ ఒప్పందాన్ని సభ ఆమోదించింది, అనుకూలం యాభై తొమ్మిది, వ్యతిరేకం యాభై మూడు అని చెబుతున్నారు.

నవ్వాఫ్ వేళ్ళు ముడుస్తూ లెక్క చూసుకున్నాడు. తను లేడు కాబట్టి ఇటు యాభై తొమ్మిది, సరే. మరి అటు అరవై ఉండాలి కదా?

"తక్కిన ఏడుగురూ ఏమయ్యారు?" అన్నాడు.

"ముందు నువ్వు తాగు. అవతలివాళ్ళని కూడా తాగమనాలి, పాపం ఎప్పుడనగా వచ్చారో," అంటూ షేక్ లేచి వెళ్ళి తెర పక్కకి లాగాడు.

ఏడు నిండు కప్పుల ముందు ఏడుగురు సభ్యులు మోకాళ్ళు ఆడిస్తూ కూర్చుని ఉన్నారు.